తెరమీది గీత, చేనిలోని గట్టు

పొలమునకు హద్దు ఏది యని యడిగినచో మన పెద్దలు రాతిని చూపెడివారు, గట్టును చూపెడివారు, గట్టుమీది తాటిచెట్టును చూపెడివారు. ఇప్పుడు ఆ ప్రశ్నకు సమాధానము కంప్యూటరు తెరమీద కూడ చూపబడుచున్నది. 2019వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. 2020 డిశంబరు 21వ తేదీన భూముల రీసర్వే మొదలైనది. డ్రోనులు మీదనుండి తీసిన చిత్రములను, ఉపగ్రహముల సాయమున కొలిచిన స్థానములను కూర్చి, ప్రతి కమతమునకు వేరుగా పటము సిద్ధపరచు పద్ధతి వచ్చినది. కావున ఉదయగిరి మెట్టచేలలోను, ఆత్మకూరు ప్రాంతపు కయ్యలలోను తల నెరసిన వారు సయితము తమ భూమిని ఒక చిన్న తెరమీద గీతలుగా చూడవలసిన కాలము వచ్చినది.

ఆ తెరమీద గీత గీయుచుండగా కొన్ని వింతలు కనబడును. గీత యొక కొసను పట్టుకొని రబ్బరు దారమువలె సాగును. తెల్లని చోట ఒక రంగుగాను, పచ్చని చోట మరియొక రంగుగాను మారును. ఒక్కొక్కసారి గీచినవాడు చేయి తీసిన తరువాత కూడ చెరగక నిలిచిపోవును. ఇది యేమియో తెలియనివానికి, ఆ గీత తన భూమిమీదనే పడినట్లు తోచును.

మా ప్రాంతమున ఒక పల్లెలో అన్నదమ్ముల భూమి పంపకము జరుగుచుండగా నేనును అచ్చట నుంటిని. పటమును తెరపై తెరచి, పంపకపు గీత యెటు పోవలెనో చూపుటకై కొలతపనివాడు బాణపు గుర్తును ఇటునటు జరుపుచుండెను. గీత బావికి ఒకసారి తూర్పున పడెను, ఒకసారి పడమట పడెను. అతడు గుర్తును తీసివేసిన పిమ్మట పడమటి గీత యొకటి తెరపై మిగిలిపోయెను. “నా బావి పోయెనురా” యని పెద్దవాడు లేచెను. “గీచినది నేను కాదు గదన్నా” యని చిన్నవా డనెను. మాటకు మాట పెరిగి ఆనాటి పంపకము నిలిచిపోయినది. ఆ గీత ఏ కాగితముమీదను లేదు, ఏ లెక్కలోను లేదు. తెరకు అంటిన మరకవంటిది. ఇట్టి మరక యేల పడును, దాని రంగు యేల మారును, దానిని పోగొట్టుట యెట్లు, దానిని చూచినప్పుడు మనము చేయవలసిన దేమి యను నాలుగు సంగతులను నేడు విన్నవించెదను.

మొదట ఒక మాట. పనికొరకు గీచి, పని తీరిన పిదప తుడిచివేయు గీతలు మనకు క్రొత్త కావు. వడ్రంగి రంగు పూసిన దారమును దూలముపై బిగబట్టి కొట్టి గీటు వేయును. కోత ముగిసిన పిమ్మట ఆ గీటుతో పని లేదు. వ్యాకరణము చదివినవారు అనుబంధముల నెరుగుదురు. డుకృఞ్ అను ధాతువునందు మొదటి డు వర్ణమును, కడపటి ఞకారమును కార్యసూచనకై చేర్చబడినవి. పని కాగానే అవి లోపించి కృ యనునదే నిలుచును. వానిని లోపింపజేయుట మరచినవాడు చెప్పు రూపము అపశబ్ద మగును.

మన సర్వేశాఖవారి పాత కొలతపుస్తకములలో కూడ ఇదే యున్నది. ఎఫ్.ఎం.బి. యని పిలువబడు ఆ పుస్తకములో ప్రతి సర్వే నంబరునకు ఒక పటము గలదు. చేని నడుమగా ఒక మూలనుండి మరియొక మూలకు కర్ణరేఖ వేసి, ఆ రేఖనుండి ప్రక్కనున్న మూలలకు లంబములు కొలిచి, లింకులలో వ్రాసెడివారు. నూరు లింకులు ఒక గొలుసు. గొలుసు పొడవు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఆ కర్ణరేఖ కొలతకొరకు వచ్చినదేగాని, హద్దు కాదు. అందుచేతనే దానిని తెగిన గీతగా వేసి, హద్దును నిండు గీతగా వేసెడివారు. కాగితమందు ఆ భేదము కంటికి తెలియును. తెరమీద ఆ భేదము చెడినప్పుడే కలహము పుట్టుచున్నది.

ఇక తెర యననేమి? దగ్గర దగ్గరగా పేర్చిన చుక్కల వరుసలే తెర. ఒక్కొక్క చుక్కకు కంప్యూటరు జ్ఞాపకములో మూడు సంఖ్యలుండును: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత యని. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. మూడును 0 అయిన చుక్క నలుపు. మూడును 255 అయిన చుక్క తెలుపు. ఈ మూటి కలయికచే 1,67,77,216 రంగులు కలుగును. తెరమీద గీత గీయుట యనగా, ఆ దారిలోనున్న చుక్కల సంఖ్యలను మార్చుటయే. మార్చిన పిదప పూర్వమచ్చట ఏ సంఖ్య యుండెనో తెర జ్ఞాపకముంచుకొనదు. పలకమీద వ్రాసిన అక్షరముపై మరియొక అక్షరము దిద్దినచో మొదటిది పోవును గదా! కావున గీతను గీయుట సులభము. గీతను తీసి, క్రిందిదానిని చెక్కు చెదరకుండ మరల చూపుట కష్టము.

సాగు గీత పుట్టి అరువది యేండ్లు దాటినది. అమెరికాలో ఐవన్ సదర్లాండు అను విద్యార్థి 1963లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున తన పరిశోధనకై స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును నిర్మించెను. వెలుగుకలమును తెరకు ఆనించి కదపినచో గీత కొస దానివెంట సాగివచ్చెడిది. తరువాత వచ్చిన పటలేఖన ప్రోగ్రాములన్నియు ఆ మర్యాదనే స్వీకరించినవి. అయితే గీత సాగునప్పుడెల్ల, ప్రాతగీతను తుడిచి క్రొత్తగీత గీయవలెను. ఇది నిమేషమునకు పలుమార్లు జరుగును. జ్ఞాపకస్థలము కొంచెముగా నున్న ఆ కాలపు యంత్రములలో క్రింది చిత్రమును వేరుగా దాచుకొనుటకు తావు లేకుండెను. అందుకొక చమత్కారమైన ఉపాయము వాడుకలోనికి వచ్చినది. దాని పేరు ఎక్సార్.

ఈ ఉపాయమును నాకు చెప్పినవాడు నా శిష్యుడే. ఆత్మకూరులో నావద్ద తెలుగు చదివి, నేడు పటములు గీయు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగములో నున్నాడు. “అయ్యవారూ, మీరు నేర్పిన గురులఘువులే యివియును” అని అతడు మొదలుపెట్టగా, నాకు విషయము సుగమమైనది. ఛందస్సులో గురువు, లఘువు అను రెండు గుర్తులతో సమస్త గణములను ప్రస్తరించుచున్నాము. కంప్యూటరులో సంఖ్యలన్నియు అట్టి రెండు గుర్తులతోనే యుండును. నాలుగు స్థానముల ప్రస్తారమున పదునారు భేదములు వచ్చును. టర్బో సీ యను పాత ప్రోగ్రాములో తెరకు పదునారు రంగు లుండెడివన్న దానికి కారణమిదే. ఎనిమిది స్థానముల ప్రస్తారమున 256 వచ్చును. కావుననే 0 మొదలు 255 వరకు సంఖ్యలు.

ఎక్సార్ నియమము ఒకే వాక్యము. క్రింది చుక్కలోని గుర్తును, కలములోని గుర్తును ప్రక్కప్రక్కన పెట్టుము. రెండును ఒకటే యైన లఘువు వ్రాయుము. వేరైన గురువు వ్రాయుము. క్రిందిది గురువు, లఘువు, గురువు, లఘువు అనుకొందము. కలము గురువు, గురువు, లఘువు, లఘువు అనుకొందము. ఫలము లఘువు, గురువు, గురువు, లఘువు అగును. ఇప్పుడు ఆ ఫలముపై అదే కలమును మరల నడిపింపుడు. గురువు, లఘువు, గురువు, లఘువు అని మొదటి రూపమే వచ్చును! ఒకసారి గీచిన గీత పడును. అదే గీతను అదే చోట రెండవసారి గీచిన అది పోయి క్రిందిది యథాతథముగా కనబడును. క్రింది చిత్రమును దాచుకొనవలసిన అవసరమే లేదు. వేదాంతులు చెప్పు అధ్యారోపాపవాదములు జ్ఞప్తికి వచ్చుచున్నవి.

అయితే ఈ సౌలభ్యమునకు మూల్యము రంగు. గీత రంగు కలముపై మాత్రమే యాధారపడక, క్రింది రంగుపై కూడ ఆధారపడును. ఎర్రని కలము తీసికొని నల్లని చోట గీచిన ఎర్రగా కనబడును. తెల్లని చోట గీచిన నీలాకుపచ్చ కలిసిన రంగు వచ్చును. ఏలన తెలుపులోని ఎరుపు పోయి మిగిలిన రెండును నిలుచును. ఆకుపచ్చని చోట గీచిన పసుపు వచ్చును. కావున ఒక్క గీత యిల్లు దాటి, చేను దాటి, బాట దాటి పోవునప్పుడు మూడు రంగులు తిరుగుట దోషము కాదు, గణితము. ఆ మూడు ముక్కలు మూడు భూములని యెవరును భ్రమపడకూడదు.

ఇదే కారణమున క్రొత్తగా ప్రోగ్రాము వ్రాయువారు తికమకపడు చోట్లు కొన్ని గలవు. నల్లని కలముతో ఎక్సార్ చేసినచో గీత యసలే కనబడదు. నలుపనగా అన్నియు లఘువులు. లఘువు దేనిని మార్చదు. తెల్లని కలమును నడిమి బూడిదరంగుపై నడిపినను కనబడదు. 128 అను సంఖ్య 127 అగును. గుర్తులన్నియు తారుమారైనను కంటికి భేదము తోచదు. దీనికి విరుగుడు, కలపు సంఖ్యలు మూటిని 128గా పెట్టుట. అప్పుడు మొదటి స్థానమొక్కటియే మారును గనుక, క్రింది సంఖ్య యేదైనను ఖచ్చితముగా 128 హెచ్చుటయో తగ్గుటయో జరిగి గీత స్పష్టమగును. తెల్లని కాగితమువంటి తెరపై ఎర్రగీతయే కావలయునన్నచో, తెలుపును ఎరుపును ముందుగా ఎక్సార్ చేసి, వచ్చిన నీలాకుపచ్చను కలమునకు ఇయ్యవలెను.

రంగు విషయమున మరియొక చిక్కు గలదు. వెబ్ పుటలలో రంగును వ్రాయునప్పుడు ఎరుపు మొదట, నీలము చివర. విండోస్ వారి పద్ధతిలో అదే సంఖ్యలో నీలము మొదట, ఎరుపు చివర. ఒకచోట వ్రాసినది మరియొకచోట నట్లే యెక్కించిన ఎరుపు నీలమగును, ఆకుపచ్చ మాత్రము నడుమ నుండుటచే మారకుండును. ఎరుపు నీలములు తారుమారై ఆకుపచ్చ సరిగా నున్నదన్నచో, దోషమిదియే యని చూచినంతనే నిశ్చయింపవచ్చును.

ఇక చెరగక మిగులు గీతల సంగతి. నా శిష్యుడు తాను దిద్దిన దోషములను నాకు తెరపై చూపగా, అవి యైదు విధములని గ్రహించితిని. అన్నిటికిని మూలమొక్కటే: గీచినదానిని గీచినట్లే మరల గీయకపోవుట.

మొదటిది, ప్రాత కొసను మరచుట. బాణపు గుర్తు కదలినంతనే ప్రాతగీతను తుడువక క్రొత్త కొసతో గీత గీచినచో ప్రాతగీత అట్లే యుండును. గుర్తు నడచిన దారియంతయు విసనకఱ్ఱవలె గీతలు పరచుకొనును. ప్రాత కొసను వేరుగా వ్రాసి యుంచుకొని, ముందు దానిని తుడిచి, పిమ్మట క్రొత్తది గీయవలెను.

రెండవది, గీయకమునుపే తుడుచుట. మొదటి కదలికయందు తుడువవలసిన గీత యింకను లేదు. అయినను ప్రోగ్రాము తుడువబోయిన, తుడుపే గీత యగును. ఎక్సార్ నియమమునకు గీయుటకును తుడుచుటకును భేదము లేదు గదా! ఒకే గీత మిగిలినప్పుడు తరచుగా కారణమిది. గీత గీయబడినదో లేదో తెలుపు గుర్తు నొకదానిని ఉంచుకొనుటయే ఉపాయము.

మూడవది, నడుమ తెర మారుట. గీత సగములో నుండగా పటమును జరిపినను, వేరొక పుట పైకివచ్చి పోయినను, తెర మరల చిత్రింపబడి ప్రాతగీత తానే పోవును. అది తెలియక ప్రోగ్రాము తుడువబోయిన లేని గీత పుట్టును. తెర మరల చిత్రించుటకు ముందే గీతను తీసివేయవలెను.

నాలుగవది, అంచులను మెత్తపరచుట. గీత మెట్లుమెట్లుగా కనబడకుండుటకై ప్రోగ్రాములు అంచు చుక్కలలో గీత రంగును క్రింది రంగుతో కలుపును. కలిపినది రెండవసారి గీచిన మాత్రమున విడిపోదు. పాలలో పోసిన నీటిని తీయగలమా? గీత పోయినను దాని నీడ మిగులును. తాత్కాలిక రేఖకు ఆ మెత్తదనమును ఆపివేయవలెను. గీచునప్పుడొక మందము, తుడుచునప్పుడొక మందము ఉన్నను ఇట్టి నీడలే మిగులును.

ఐదవది, మూలల చిక్కు. నాలుగు గీతలతో చేను గీచినప్పుడు ప్రతి మూలచుక్కయు రెండు గీతలకును చెందును. రెండుసార్లు గీయబడుటచే అచ్చట గీత పోయి మూలలో కంత కనబడును. గీతలు ఒకదాని నొకటి దాటు చోట కూడ నంతే. మూలచుక్కను ఒకే గీతకు చెందునట్లు చేయుటచే నిది తీరును.

నేడు జ్ఞాపకస్థలమునకు కొరత లేదు. కావున ఈ ప్రయాసమంతయు తప్పించు మార్గమున్నది. అసలు పటము నొక పొరలో నుంచి, దానిపై గాజుపలకవంటి వేరొక పొర నుంచి, తాత్కాలిక రేఖను ఆ పైపొరలోనే గీయుట. పైపొరను తుడిచిన క్రిందిది చెక్కుచెదరదు. గీత రంగు క్రింది రంగును బట్టి మారదు. చిత్రమంతయు తెరవెనుక సిద్ధపరచి ఒక్కసారిగా చూపుటచే మిణుకుమిణుకుమనుటయు నుండదు. ఉచితముగా దొరకు క్యూజీఐఎస్ అను పటలేఖన ప్రోగ్రాము ఇట్లే చేయును. అందులో సాగు గీత సాధారణముగా ఎర్రగా నుండును. ఎక్సార్ పద్ధతిలో ఎంత చిక్కుకున్నను విడువని పిల్లలకు మన పెద్దలు చెప్పవలసిన మాట యేమనగా, చెరిపివేయుటలో నేర్పు చూపుటకంటె అసలుదానిని అంటకుండుట మేలు.

ఐనను పొరలు వేరైనంత మాత్రమున సందేహములు తీరవు. 1982లో వచ్చిన ఆటోకాడ్ అను ప్రసిద్ధమైన ప్రోగ్రాములో ఏడవ రంగు అని యొకటి గలదు. తెర నల్లగా నున్న నది తెల్లగాను, తెర తెల్లగా నున్న నల్లగాను కనబడును. ఇద్దరు ఒకే పటమును రెండు తెరలపై చూచి, “నాకు తెల్లగీత, నీకు నల్లగీత” యని వాదించుకొనిన ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. దాని పాత ప్రతులలో చూపిన చోటనెల్ల ఒక చిన్న గుర్తు తెరపై మిగిలెడిది. మరల చిత్రింపుమని యాజ్ఞ యిచ్చినచో అవన్నియు మాయమయ్యెడివి. నల్లతెరపై మెరయు పసుపుగీత తెల్లకాగితముపై అచ్చొత్తిన కనబడీ కనబడకుండును. రంగు మనిషి యిచ్చినది. భూమికి ఆ రంగు లేదు.

కావున పటమును చూపించుటకు మనలను పిలిచినప్పుడు సర్వేయరుగారిని మర్యాదగా అడుగవలసినవి నాలుగు గలవు.

మొదట, చేతిలోని గీతను విడిచిపెట్టి, అనగా ఎస్కేప్ అను మీట నొక్కి, పటమును ఒకసారి పెద్దది చేసి మరల చిన్నది చేయుమని యడుగుడు. తెర మరల చిత్రింపబడును. మరకయైనది పోవును, పటములో నున్నది నిలుచును. ఆ బావిదగ్గరి గీతకు ఈ పరీక్ష చేసియున్న, క్షణములో కలహము తీరియుండెడిది.

రెండవది, నిలిచిన గీత దాచబడినదా, ఇంకను దిద్దుబాటులో నున్నదా యని యడుగుడు. సాగుచున్న గీత వేరు. గీచి ముగించి దాచని గీత వేరు. దాచిన గీత వేరు. మొదటి రెండును చెరగిపోగలవు.

మూడవది, రంగుల సూచికను చూపుమనుడు. ఏ రంగు హద్దు, ఏ రంగు బాట, ఏ రంగు కాలువ యని సూచిక చెప్పవలెను. మన యూహ చెప్పరాదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మూలకును మూలకును నడుమ దూరములు సంఖ్యలుగా అచ్చైన కాగితము నడుగుడు. దానిని తీసికొని చేనికి పోయి, రాతినుండి రాతికి టేపు పట్టి చూడుడు. సరిపోయిన పిదపనే వ్రేలుముద్రయైనను, సంతకమైనను. సరిపోనిచో, 1923వ సంవత్సరపు సర్వే, సరిహద్దుల చట్టమందు నోటీసు, అప్పీలు అను మార్గములు గలవు. తెరమీది గీతను చూచి తమ్మునిపై కఱ్ఱ యెత్తుట ఆ మార్గములలో లేదు.

మసక వెలుతురులో త్రాటిని చూచి పామని భయపడినవానికి దీపము తెచ్చి చూపుటయే చికిత్స యని మన శాస్త్రములు రజ్జుసర్పన్యాయమున చెప్పుచున్నవి. త్రాడుకాదు, నిజముగా పామే యైన సందర్భమును ఉండవచ్చును. అప్పుడును దీపమే కావలెను. పై నాలుగు ప్రశ్నలు అట్టి దీపములు. మన మనుమలు ఈ ప్రోగ్రాములను వ్రాయుచున్నారు, నడుపుచున్నారు. వారి పనిని వారు నేర్పుగా చేయుదురు గాక. చూచి, అడిగి, కొలిచి ఒప్పుకొను పని మాత్రము ఎప్పటివలెనే ఊరి పెద్దలది.